బాప్తిస్మం తర్వాతి సంగతి

అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల గోడలమీది బోర్డులు రెండే సంగతులు చెబుతాయి: ఏం నేర్పుతారు, ఎన్ని రోజుల్లో నేర్పుతారు. జావా కానీ టెస్టింగ్ కానీ డేటా సైన్స్ కానీ, నలభై అయిదు రోజులో అరవై రోజులో, మహా అయితే మూడు నెలలో. మొదటి ఒకటి రెండు క్లాసులు డెమో, డబ్బు కట్టక్కర్లేదు. కోవిడ్ తర్వాత చాలా కోర్సులు ఆన్‌లైన్‌కు మళ్లినా హాస్టళ్లు మాత్రం ఎస్సార్ నగర్ నుంచి ఎల్లారెడ్డిగూడ దాకా, ఇటు పంజగుట్ట సందుల దాకా అలాగే ఉన్నాయి. వాటిలో ఉంటున్న పిల్లల్లో గుంటూరు, ప్రకాశం, కృష్ణా, ఖమ్మం, నల్గొండ జిల్లాల క్రైస్తవ కుటుంబాలవాళ్లు తక్కువేం కాదు. ఊళ్లో అమ్మ లేపితే ఆదివారం గుడికి వెళ్లినవాళ్లు, సండే స్కూల్లో కంఠత వాక్యాలు అప్పజెప్పి బహుమతిగా స్టీలు గ్లాసు తెచ్చుకున్నవాళ్లు. ఇక్కడ లేపేవాళ్లు లేరు. ఏ గుడికి వెళ్లాలో, అసలు వెళ్లాలో వద్దో వాళ్లే తేల్చుకోవాలి.

వెళ్లాలనే తేల్చుకున్నారనుకుందాం. అప్పుడు మిగిలే ప్రశ్న పాతది. నమ్మి, బాప్తిస్మం తీసుకున్న మనిషి ఆ తర్వాత ఎదగడమంటే ఏమిటి? ఎవరు ఎదిగిస్తారు? ఎదిగిన సంగతి ఎవరికి తెలుస్తుంది? మన సంఘాల్లో సాక్ష్యం చెప్పమంటే దాదాపు అందరూ బాప్తిస్మం రోజు దగ్గర ఆపేస్తారు. తాగుడు మానిన కథ, జబ్బు తగ్గిన కథ, అన్నయ్య బలవంతంమీద కూటానికి వెళ్లి కూర్చున్న కథ. ఆ తర్వాతి ఇరవై ఏళ్లు ఎలా గడిచాయో చెప్పడానికి ఎవరూ మైకు ఇవ్వరు, ఎవరూ అడగరు కూడా.

బైబిల్లో ఈ సంగతి దాచిందేం లేదు. కొరింథు సంఘాన్ని పౌలు ఇంకా పాలు తాగే పసిపిల్లలని మందలిస్తాడు. హెబ్రీ పత్రిక రాసినాయన, ఈపాటికి మీరే ఇతరులకు బోధించాల్సింది, మళ్లీ అక్షరాల దగ్గర మొదలుపెట్టాల్సి వస్తోందని విసుక్కుంటాడు. పేతురు రెండో పత్రిక విశ్వాసంతో మొదలుపెట్టి ఒక్కొక్క గుణాన్నీ చేర్చుకుంటూ ప్రేమ దాకా వెళ్లమంటుంది. అదే సమయంలో, నాటేవాడూ నీళ్లు పోసేవాడూ పెద్ద లెక్కలోకి రారు, పెంచేది దేవుడేనని పౌలు అంటాడు. కష్టపడమని ఒకచోట, నీ కష్టంవల్ల కాదని మరోచోట. లూథర్ రెండో మాటను గట్టిగా పట్టుకున్నాడు. విశ్వాసి ఒకేసారి నీతిమంతుడూ పాపీ, రోజూ తన బాప్తిస్మం దగ్గరికి తిరిగి రావాలి అన్నాడు. వెస్లీ మొదటి మాటవైపు మొగ్గాడు, ప్రేమలో సంపూర్ణత ఈ లోకంలోనే సాధ్యమన్నాడు. ఐరోపాలో ఈ వాదం పుస్తకాల్లో నడిచింది. తెలుగు నేలమీద కరువులో, మాలమాదిగ వాడల్లో నడిచింది. నాకు ఈ రెండోదే ఎక్కువ ఉపయోగంగా కనిపిస్తుంది.

1878 జులై 3న ఒంగోలు దగ్గర వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లఫ్ అంతకుముందు కరువులో బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి పని చూపించాడు. ఆ పని నడిచినంతకాలం బాప్తిస్మాలు ఆపేశాడు, అన్నం కోసం వచ్చారన్న మాట రాకూడదని. తీరా తలుపు తీశాక జనం ఆగలేదు. కొద్ది నెలల్లోనే తొమ్మిది వేలు దాటారు. వాళ్లలో దాదాపు అందరూ మాదిగలు, చదువు రానివాళ్లు. వాళ్లను ఎదిగించడం ఎలా?

క్లఫ్ పెట్టుకున్న నియమాలు మూడు. ఆదివారం పని చేయవద్దు, చచ్చిన పశువు మాంసం తినవద్దు, విగ్రహాలకు మొక్కవద్దు. ఈనాడు చదివితే ఇది ఆత్మీయతా, సంఘ సంస్కరణా అన్న సందేహం వస్తుంది. ఆనాటి మాదిగపల్లెలో ఆ రెంటికీ తేడా లేదు. ఆదివారం పని మానడమంటే రైతుకు ఎదురు చెప్పడం. చచ్చిన గొడ్డు మాంసం మానడమంటే ఊరు ఆ కులానికి కట్టబెట్టిన వాటాను కాదనడం. ఒక్కో నియమం వెనక దెబ్బలు తిన్న మనుషులున్నారు. ప్రార్థన ఎంతసేపు చేశావు అన్నది కాకుండా, దేన్ని వదులుకున్నావు అన్నది అక్కడ ఎదుగుదలకు గుర్తు. పైగా అది వాడంతా చూస్తుండగా జరిగేది.

ఇంకో సంగతి. ఒంగోలు ఉద్యమాన్ని మోసింది క్లఫ్ ఒక్కడే కాదు. 1866లో బాప్తిస్మం పొందిన యర్రగుంట్ల పేరయ్య అంతకుముందే గురువుల వెంట తిరిగి యోగం నేర్చిన మనిషి. గురువు దగ్గర కూర్చుని నేర్చుకోవడం, ఊరూరా తిరిగి చెప్పడం ఆయనకు కొత్త కాదు. క్లఫ్ భార్య ఎమ్మా రాషెన్‌బుష్ క్లఫ్ 1899లో అచ్చువేసిన పుస్తకంలో ఈ మాదిగ గురువుల లోకాన్ని వివరంగా రాసింది. అది లేకపోతే ఆ మహా బాప్తిస్మానికి ముందున్న సాధన మనకు తెలిసేదే కాదు.

చదువు రాని సంఘాన్ని పెంచినవాటిలో పాటకున్న చోటు మరి దేనికీ లేదు. పురుషోత్తమ చౌధరి 1803లో పుట్టి 1890 దాకా బతికిన కవి. కర్ణాటక రాగాల్లో, మన ఛందస్సులో ఆయన కట్టిన కీర్తనలు ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకానికి వెన్నెముక. లూథరన్, బాప్టిస్టు, ఆంగ్లికన్ అనే తేడా లేకుండా ఆ పుస్తకం ఇంటింటికీ చేరింది. పుస్తకం చదవలేని అవ్వ కూడా శ్రమల దినాల కీర్తనలు పది చరణాలు తప్పు లేకుండా పాడేది. సిలువ గురించి, కృప గురించి ఆమెకు తెలిసిన వేదాంతమంతా ఆ చరణాల్లోంచి వచ్చిందే. ఇప్పటి ఆరాధన పాటల్లో ఒకే మాట పదిసార్లు తిరుగుతుంది, మనసును తాకుతుంది కూడా. అవ్వ కీర్తనలోలా నేర్పదు. ఇది పాతకాలపు మనిషి గొణుగుడు అనుకుంటే అనుకోండి.

ఈ సామూహిక ఉద్యమాల ఫలితం ఏమిటని నిలదీసి చూసింది అమెరికన్ మెథడిస్టు జె. వాస్కమ్ పికెట్. 1933లో వెలువడిన ఆయన అధ్యయనంలో తెలుగు ప్రాంతాలూ ఉన్నాయి. క్రైస్తవులు ఎందుకు చేరారు, చేరాక ఎలా ఉన్నారు అని రెండూ అడిగారు. మేలు కోరి చేరినవాళ్లు చెడిపోతారని, ఆత్మకు రక్షణ కోరి చేరినవాళ్లే నిలబడతారని అందరూ అనుకునేవారు. పికెట్ తేల్చింది వేరు. ఏ ఉద్దేశంతో చేరాడన్నదానికన్నా, చేరాక ఎవరు నేర్పారు, ఎంత క్రమంగా ఆరాధనకు కూడారు అన్నదే మనిషి ఎదుగుదలను ఎక్కువగా నిర్ణయించింది. తొంభై ఏళ్లు దాటినా ఈ మాట మన ప్రసంగ వేదికలకు ఎక్కలేదు. ఇప్పటికీ ఎవరు నిజంగా మారారు, ఎవరు బియ్యం కోసం మారారు అన్న తగువే నడుస్తోంది, బయటివాళ్లతోనూ లోపలివాళ్లతోనూ.

దోర్నకల్ బిషప్ వి.ఎస్. అజరయ్య ఈ ప్రశ్నకు వేరే చివరినుంచి వచ్చాడు. తిరునెల్వేలి తమిళుడు, 1912లో అభిషేకం పొందిన మొదటి భారతీయ ఆంగ్లికన్ బిషప్, 1945 జనవరి 1న కన్నుమూసేదాకా తెలుగు పల్లెల్లోనే తిరిగాడు. బాప్తిస్మం పొందేవాళ్లు తమ చేయి తమ తలమీదే పెట్టుకుని, సువార్త చెప్పకపోతే తనకు శ్రమ అన్న పౌలు మాటను ఒప్పుకోలుగా పలకాలని ఆయన నేర్పినట్టు చెబుతారు. ఎదిగాక సేవ చేయడం కాదు, సేవ చేస్తూనే ఎదగాలి అన్నది ఆయన లెక్క. ఇవ్వడం విషయంలోనూ అంతే. పొయ్యిమీద ఎసరు పెట్టేముందు పిడికెడు బియ్యం దేవుని పేర పక్కకు తీసే అలవాటు తెలుగు సంఘాల్లో స్త్రీల చేతుల్లో పెరిగింది. కూలి దొరకని రోజున పిడికెడు తీయడం ఎంత కష్టమో, దొరికిన రోజున మరిచిపోవడం ఎంత సులువో ఆ ఇల్లాలికే తెలుసు. ఈ రెండు అలవాట్లకూ పుస్తకం అక్కర్లేదు, బోధకుడు పక్కన ఉండక్కర్లేదు.

హైదరాబాద్‌కు వస్తే మాట భక్తసింగ్ దగ్గర ఆగకుండా ముందుకు పోదు. పంజాబు సిక్కు కుటుంబంలో 1903లో పుట్టి, ఇంజినీరింగ్ చదవడానికి ఇంగ్లండ్, కెనడా వెళ్లి, 1929లో విన్నిపెగ్‌లో కొత్త నిబంధన చదువుతూ క్రీస్తును నమ్మాడు. 1933లో తిరిగొచ్చాడు. 1941లో మద్రాసులో మొదటి పరిశుద్ధ సమాజ కూటం, 1950ల నుంచి గోల్కొండ చౌరస్తాలో ఆయన సంఘ కేంద్రం హెబ్రోను. 2000 సెప్టెంబర్ 17న అక్కడే కన్నుమూశాడు. తెలుగు సరిగా మాట్లాడలేని మనిషి తెలుగునాట ఇన్ని వందల సంఘాలకు కారణమయ్యాడంటే అది ప్రసంగ బలం ఒక్కటే అయి ఉండదు.

భక్తసింగ్ జవాబు అపొస్తలుల కార్యములు రెండో అధ్యాయంలో ఉంది. బోధ, సహవాసం, రొట్టె విరవడం, ప్రార్థన. ఈ నాలుగింటిలో ఏది తగ్గినా విశ్వాసి కుంటివాడవుతాడని ఆయన పదేపదే చెప్పాడు. హెబ్రోను పద్ధతి చూసినవాళ్లకు గుర్తుంటుంది. చెప్పులు బయట, చాపలమీద కూర్చోవడం, ఆరాధన గంటల తరబడి. వేదికమీది ఒక్కడే కాదు, సహోదరుల్లో ఎవరైనా లేచి ప్రార్థించవచ్చు. అది ముగిశాక ప్రేమవిందు. వరసగా నేలమీద కూర్చుని, ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారో చూసుకోకుండా తినడం. తెలుగు పల్లెల నుంచి వచ్చినవాళ్లకు ఆ పంక్తిభోజనం రెండు గంటల ప్రసంగంకంటే ఎక్కువే నేర్పింది. అంతకు నూరేళ్ల ముందు, 1836లో వచ్చి గోదావరి డెల్టాలో స్థిరపడిన బౌడెన్, బీర్ కుటుంబాల బ్రదరెన్ సంప్రదాయం కూడా ఇలాంటిదే, జీతం తీసుకునే కాపరికన్నా కూడిక పెద్దదనే సంప్రదాయం.

దీని లోపమూ చెప్పుకోవాలి. నాలుగు గంటల ఆరాధన, తెల్లబట్టలు, ముసుగు, సినిమా మానడం, ఇవి కొలతలైపోతే ఎదుగుదల వేషంలోకి జారుతుంది. రెండో తరంలో చాలాచోట్ల జారింది కూడా. తండ్రి ఆనందంతో మానేసినవాటిని కొడుకు భయంతో మానేశాడు, మనవడు అమీర్‌పేట హాస్టల్‌కు వచ్చిన మొదటి వారంలోనే సినిమాకు వెళ్లాడు. దాన్ని నేను పతనం అనను, ఎవరూ అతనికి కారణం చెప్పలేదు.

ముంగమూరి దేవదాసు అయ్యగారిది పూర్తిగా వేరే దారి. లూథరన్ సంఘంలో పనిచేసిన ఆయన 1938 జనవరి 31న రాజమండ్రిలో బైబిలు మిషను స్థాపించారు, 1960లో గుంటూరు దగ్గర కాకానిలో కాలం చేశారు. ఆయన నేర్పిన సాధన సన్నిధి. దేవుని ఎదుట మౌనంగా కనిపెట్టుకుని ఉండడం, అడగడం ఆపి వినడం. గోల ఎక్కువైన మన కూడికల్లో ఆ మౌనానికి చోటు లేదు. మైకు లేకుండా పదిమంది కూర్చుంటే పదకొండో నిమిషానికి ఎవరో ఒకరు పాట ఎత్తుకుంటారు. మన దేశపు ధ్యాన సంప్రదాయాలకు, క్రైస్తవ ప్రార్థనకు మధ్య దేవదాసు అయ్యగారు వేసిన ఈ వంతెనమీద రావాల్సినంత చర్చ రాలేదు. బైబిలు మిషను బయటి సంఘాలు ఆయన పాటలు పాడుకుని ఊరుకున్నాయి.

సంఘమే వద్దన్నవాడూ ఉన్నాడు. కలగర సుబ్బారావు 1942లో జబ్బుపడి ఉన్నప్పుడు తనకు క్రీస్తు దర్శనమైందని చెప్పాడు. ఆయన చుట్టూ వేలమంది చేరారు, స్వస్థతలు జరిగాయన్నారు, పాటలు పుట్టాయి. బాప్తిస్మం, మతం మారడం, పాదిరీల అధికారం ఇవన్నీ అనవసరమని ఆయన గట్టిగా వాదించాడు. కావలసింది అహం చావడం ఒక్కటే. డేనిష్ పండితుడు కాయ్ బాగో ఈ ఉద్యమంమీద 1968లో పుస్తకం రాశాడు. సుబ్బారావు ప్రశ్న పదునైనది. నీ సంఘం నీ అహాన్ని తగ్గించిందా, పెంచిందా? ఎన్నికలప్పుడు సంఘ కమిటీలను చూసినవాళ్లు ఈ ప్రశ్న దగ్గర తల దించుకోవాలి. అయినా ఆయన పోయాక ఆ గుంపును పట్టి ఉంచే కట్టు లేకపోయింది. గురువు మాటమీద, గురువు స్పర్శమీద నిలబడినది గురువుతోనే పలచబడింది.

పెంతెకొస్తు సంఘాల సంగతి అందరికీ తెలిసిందే గనుక తొందరగా చెబుతాను. పరిశుద్ధాత్మ నింపుదల, భాషలు, ఉపవాస ప్రార్థన, ఆల్ నైట్ ప్రేయర్. ఎదుగుదల అంటే ఇక్కడ నింపుదల. చప్పబడిపోయిన పాత మిషన్ సంఘాలకు ఇది వేడి తెచ్చింది, ఇంటిపని మనిషికీ ఆటో డ్రైవర్‌కూ నోరు తెరిచి ప్రార్థించే ధైర్యం ఇచ్చింది. సోమవారం ఉదయానికి ఆ వేడి ఏమవుతుందన్నదే ఎప్పటినుంచో ఉన్న అనుమానం.

కతోలిక సంఘం ఈ ఆందోళనలన్నిటినీ కొంచెం దూరంనుంచి చూస్తుంది. పంజగుట్ట నుంచి నడిచి వెళ్లేంత దూరంలో, ఖైరతాబాద్‌లో ఆరోగ్యమాత గుడి ఉంది. పూజ, పాపసంకీర్తనం, దివ్యసత్ప్రసాదం, జపమాల, నవదిన ప్రార్థనలు. మనిషి ఉత్సాహంగా ఉన్నా నీరసంగా ఉన్నా సంవత్సరం తిరుగుతూనే ఉంటుంది, లెంట్ వస్తుంది, ఈస్టర్ వస్తుంది. ఎదుగుదల భారమంతా నీ మనస్థితిమీద పెట్టకపోవడం దీని బలం. పరిశుద్ధత మఠాలవాళ్ల సొత్తు కాదు, సంసారులదీ అని రెండో వాటికన్ మహాసభ 1964లో స్పష్టంగా చెప్పింది. పాపసంకీర్తనంలో కనీసం ఒక మనిషి ఎదుట నీ తప్పును నీ నోటితో చెప్పాలి. ప్రొటెస్టెంట్లు ఆ పాపసంకీర్తనం పెట్టెను తీసేశారు సరే, దాని బదులు ఏం పెట్టారు?

వెస్లీ పెట్టాడు. 1742లో బ్రిస్టల్‌లో ప్రార్థనామందిరం అప్పు తీర్చడానికి మనిషికి వారానికో పెన్నీ చొప్పున వసూలు చేయాలనుకున్నారు. పన్నెండుమందికి ఒక నాయకుడు. ఆ నాయకుడు ఇంటింటికీ పెన్నీ కోసం తిరుగుతుంటే ఒకడు భార్యతో గొడవపడుతున్నట్టు, ఇంకొకడు తాగుతున్నట్టు బయటపడింది. వెస్లీకి వెంటనే అర్థమైంది, కావలసింది ఇదేనని. క్లాస్ మీటింగ్ అలా పుట్టింది. పన్నెండుమంది వారానికోసారి కలిసి, నీ ప్రాణం ఎలా ఉందని ఒకరినొకరు అడగడం. అప్పు వసూలు చేయడంలోంచి ఆత్మీయత పుట్టిందంటే మన కమిటీవాళ్లు సంతోషిస్తారు. ఆ వెస్లియన్ మిషనే పందొమ్మిదో శతాబ్దం చివర్లో సికింద్రాబాద్, మెదక్ ప్రాంతాల్లో పనిచేసింది. 1924 క్రిస్మస్ రోజున ప్రతిష్ఠించిన మెదక్ కెథడ్రల్ ఇప్పటికీ నిలిచి ఉంది. 1947 సెప్టెంబర్ 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడ్డాక ఆ వారసత్వం దానిలో కలిసింది, హైదరాబాద్ సంఘాలు మెదక్ అధ్యక్ష మండలం కిందికి వచ్చాయి. కెథడ్రల్ చూడటానికి బస్సుల్లో వెళ్తాం, పన్నెండుమంది కూర్చునే పద్ధతిని మాత్రం దాదాపు మరిచాం.

మరిచినదాన్ని కొంతవరకు విద్యార్థులు తిరిగి తెచ్చారు. 1954లో మొదలైన క్రైస్తవ విద్యార్థి సంస్థ యూఈఎస్ఐ కాలేజీ హాస్టళ్లలో చిన్న చిన్న ఈయూ (ఎవాంజెలికల్ యూనియన్) గుంపులు పెట్టింది. వాళ్ల ప్రధాన సాధన క్వయట్ టైమ్. పొద్దున్నే లేచి ఒక భాగం చదవడం, నోట్‌బుక్‌లో రాసుకోవడం, ప్రార్థించడం. దాంతోపాటు ఒక సీనియర్ అన్న, ఒక అక్క జూనియర్‌ను పట్టించుకోవడం. ఆంధ్రా, తెలంగాణల్లో ఇంజినీరింగ్, మెడికల్ కాలేజీల నుంచి వచ్చిన క్రైస్తవుల్లో చాలామంది, నన్ను నిలబెట్టింది మా సంఘం కాదు, మా ఈయూ అంటారు. కాలేజీ అయిపోయాక అదే మనిషి అమీర్‌పేటకొచ్చి, ఉద్యోగం వెతుక్కుంటూ, ఆరునెలల్లో ఆ అలవాటు పోగొట్టుకోవడం కూడా అంతే మామూలు.

అమెరికాలో షికాగో దగ్గరున్న విల్లో క్రీక్ సంఘం తన కార్యక్రమాల ఫలితం లెక్కగట్టి 2007లో ప్రకటించింది. పెద్ద సంఘం, ఎన్నో కూటాలు, ఎన్నో క్లాసులు. కార్యక్రమాల్లో ఎక్కువగా పాల్గొన్నంత మాత్రాన దేవునిమీద, పొరుగువాడిమీద ప్రేమ పెరగడంలేదని వాళ్లకే తేలింది. బైబిల్‌ను చదివి ఆలోచించే అలవాటు అన్నిటికన్నా ఎక్కువ పనిచేసిందని ఆ తర్వాతి పరిశీలనల్లో చెప్పారు. తమ డబ్బు ఖర్చుపెట్టి తమ పద్ధతే సరిగా లేదని చెప్పుకోవడం చిన్న సంగతి కాదు. మన నగరంలో వారానికి ఏడు కూడికలు నడిపే సంఘాలు అలాంటి లెక్క ఒకసారి వేసుకుంటే బాగుంటుంది.

ఇప్పుడు అమీర్‌పేటకు రండి. 2017 నుంచి మెట్రో నడుస్తోంది, రెండు లైన్లు ఇక్కడ కలుస్తాయి. ఉదయం రైలులో ఇయర్‌ఫోన్స్ పెట్టుకున్నవాళ్లలో ఎంతమంది వాక్యం వింటున్నారో ఎవరూ చెప్పలేరు, కానీ వినేవాళ్లున్నారు. ఆరాధన, శుభవార్త వంటి చానళ్లు, వాటిని మించి యూట్యూబ్. దేశంలో ఏ మూలనున్న బోధకుడైనా జేబులోనే ఉన్నాడు. దీన్ని ఈసడించేవాళ్లను నేను ఒప్పుకోను. ఇంట్లో తెలియకుండా నమ్మిన అమ్మాయికి, అత్తగారింట్లో బైబిల్ తెరవలేని కోడలికి ఫోన్ తప్ప వేరే సంఘం లేదు. వాళ్ల విశ్వాసం ఆ చిన్న తెరమీదే బతుకుతోంది.

మిగతావాళ్ల సంగతి వేరు. ఫోన్లో వినే బోధకుడికి నీ పేరు తెలియదు. నువ్వు హాస్టల్ వంటమనిషిని ఎలా పిలుస్తావో తెలియదు, ఎక్స్‌పీరియన్స్ లెటర్ కొనుక్కుని రెజ్యూమెలో మూడేళ్లు కలిపావో లేదో తెలియదు. అమీర్‌పేటలో క్రైస్తవ యువతకు అసలు పరీక్ష ఈ రెజ్యూమెనే. చుట్టూ అందరూ కలుపుతున్నారు, కలపకపోతే ఇంటర్వ్యూకు పిలవరు, ఊళ్లో నాన్న అప్పు కడుతున్నాడు. ఆత్మీయ ఎదుగుదలమీద నలభై రోజుల ఉపవాస కూటాలు పెట్టే సంఘాల్లో ఈ మాట ఎత్తే ప్రసంగం అరుదు. ఎత్తితే, అబద్ధం పాపం అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. క్లఫ్ ఆదివారం పని మానమన్నప్పుడు రైతు కోపాన్ని మాదిగవాడ కలిసి భరించింది. ఇక్కడ ఈ కుర్రవాడు నిజం రాస్తే వచ్చే నష్టాన్ని అతనితో కలిసి భరించడానికి ఎవరున్నారు?

ఉన్నచోట్ల ఉన్నారు. మూడో అంతస్తు హాస్టల్ గదిలో నలుగురు అమ్మాయిలు రాత్రి పదింటికి, లైటు ఆపేముందు, రోజు ఎలా గడిచిందో చెప్పుకుని ప్రార్థించుకుంటారు. ఉద్యోగం వచ్చిన అక్క రానిదాని ఫీజు కడుతుంది. దానికి పేరు లేదు, బోర్డు లేదు, ఏ సంఘం రిజిస్టర్‌లోనూ ఎక్కదు. బ్యాచ్ మారగానే చెదిరిపోతుంది, అందుకే దాని లెక్క ఎవరికీ దొరకదు. నిమ్స్ ఆస్పత్రి దగ్గర కూడా ఇలాంటిదే. నిజాం పేరిట ఎముకల ఆస్పత్రిగా మొదలై ఇంత పెద్దదైన ఆ చోటికి రెండు రాష్ట్రాల నుంచీ రోగులొస్తారు, వాళ్ల మనుషులు రోజుల తరబడి బయటే పడిగాపులు పడతారు. అక్కడ భోజనం పొట్లం ఇచ్చి, అడిగితేనే ప్రార్థించి వెళ్లిపోయేవాళ్లకూ, అడగకపోయినా చేయి తలమీద పెట్టేవాళ్లకూ మధ్య ఎదుగుదలలో ఉన్న తేడా రోగి మనుషులకు బాగా తెలుస్తుంది.

వెల్లంపల్లి నుంచి హాస్టల్ గది దాకా చూస్తే నాకు కనిపించేది ఇది. తెలుగు నేలమీద పనిచేసిన పద్ధతులన్నీ దగ్గరివాళ్ల కళ్లముందు నడిచినవే. పిడికెడు బియ్యం, ప్రేమవిందు, పాపసంకీర్తనం, క్లాస్ మీటింగ్, ఈయూ అన్నయ్య. నిన్ను ఎరిగినవాడు, నిన్ను అడిగే హక్కున్నవాడు ఒకడు ఉండడం. మౌనంలో కూర్చోమన్న దేవదాసు అయ్యగారు కూడా సన్నిధిని కూటంగానే నడిపారు. ఒంటరిగా ఎదిగినవాళ్లు చరిత్రలో ఉండవచ్చు, వాళ్లమీద ఆశ పెట్టుకుని సంఘం నడపలేం.

ఎరిగినవాళ్లు అడగని ప్రశ్న ఒకటి మాత్రం మిగిలిపోయింది, కులం. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడికి షెడ్యూల్డు కుల హోదా ఉండదు, మన రాష్ట్రాల్లో అతను బీసీ-సీలో ఒక శాతం వాటాకు పోటీపడాలి. సిక్కులకు 1956లో, బౌద్ధులకు 1990లో ఇచ్చిన సవరణ క్రైస్తవులకు రాలేదు. దానివల్ల లక్షలమంది కాగితంమీద ఒకటి, ఆదివారం ఒకటిగా బతుకుతున్నారు. బాప్తిస్మం వాయిదా వేసుకునేవాళ్లున్నారు, తీసుకుని దాచేవాళ్లున్నారు. వాళ్లను వేషధారులని వేదికమీంచి తిట్టే బోధకుల్లో చాలామందికి రిజర్వేషన్ అవసరం ఎప్పుడూ రాలేదు. రాజ్యం పెట్టిన ఈ మెలికను విశ్వాసి ఒక్కడి బలహీనతగా లెక్కగట్టడం అన్యాయం.

సంఘం తనంతట తాను పెట్టుకున్న మెలికకు మాత్రం ఉత్తర్వును తప్పుపట్టలేం. 2022 ఆగస్టు 27న హైదరాబాద్ అగ్రపీఠాధిపతి పూల ఆంథోని కార్డినల్ అయ్యారు, ఆ పదవికి చేరిన మొదటి దళితుడు, మొదటి తెలుగువాడు. సంతోషించాం, పూలదండలు వేశాం. ఇక పెళ్లిళ్ల సంగతి చూడండి. క్రైస్తవ సంబంధాల ప్రకటనల్లో కులం గడి ఇంకా ఉంది. ఒకే బైబిల్ స్టడీలో ఏళ్ల తరబడి పక్కపక్కన కూర్చున్న కుటుంబాలు, పిల్లల మాట వచ్చేసరికి, మీది ఏ మిషన్ అండీ అని అడుగుతాయి. ఒంగోలు వైపు బాప్టిస్టు అంటే ఏమిటో, గుంటూరు వైపు లూథరన్ అంటే ఏమిటో అడిగినవాళ్లకూ తెలుసు, చెప్పినవాళ్లకూ తెలుసు. రెడ్డి, కమ్మ క్రైస్తవుల దగ్గరైతే ఆ మర్యాద కూడా అక్కర్లేదు, నేరుగానే అడుగుతారు. పేతురు చెప్పిన జాబితాలో సహోదరప్రేమ చివరినుంచి రెండోది. దానిమీద ఏటా ప్రసంగించే అయ్యగారు తన కూతురి సంబంధం ఎక్కడ కుదుర్చుకున్నారో సంఘంలో అందరికీ తెలుసు, హాస్టల్ పిల్లలతో సహా.